రోజూ అడిగిన మాట

బాత్రూం తలుపు గడియ పడి యాభై రెండు నిమిషాలైంది. ఆ లెక్క మాస్టారిది. బడిలో లెక్కలు చెప్పే మనిషి కనుక, భార్య అలిగినా ఏడ్చినా ముందు గడియారం చూసుకోవడం ఆయన అలవాటు.

లోపల నీళ్లు పడుతూనే ఉన్నాయి. బకెట్టు నిండుతుంది, మగ్గు అంచుకు తగులుతుంది, నీళ్లు ఒంటిమీంచి నేలమీదకు జారుతాయి, మళ్లీ కొళాయి. మాట మాత్రం లేదు.

"ఇంకోసారి పిలవనా?" అన్నాడు తమ్ముడు.

తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. చేతిలో స్క్రూడ్రైవరుంది. తలుపు గడియ ఊడదీద్దామని అరగంట కిందట తెచ్చాడు. తీరా తెచ్చాక, లోపల స్నానం చేస్తున్నది వదిన కదా అని గుర్తొచ్చింది. అప్పట్నుంచీ దాన్ని జేబులో పెట్టుకోవడం, తియ్యడం తప్ప అతనికి వేరే పని లేదు.

"ఆరుసార్లు పిలిచాం. పలికితే కదా," అన్నాడు మాస్టారు.

భోజనాల బల్ల మీద సబ్బు తాలూకు ఖాళీ అట్టపెట్టె ఉంది. దాని మీద తెల్లపూల బొమ్మ. సబ్బు లోపలికి పోయింది, పెట్టె బయట ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

చిన్నకోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఆ పెట్టెనే చూస్తోంది. దాన్ని కొన్నది తనే. మూడు వీధులవతల, తనెవరో తెలియని దుకాణంలో కొంది. ఈ మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు, కళ్లజోళ్ల షాపులో, తను అక్కా అని పిలిచే తోడికోడలి సొరుగు తెరిచి, చిన్న స్క్రూలు పెట్టుకునే డబ్బా పక్కన పెట్టింది. చెప్పలేని మాటను సబ్బు చెబుతుందనుకుంది. సబ్బు చెప్పింది కూడా. తను చెప్పాలనుకున్నది మాత్రం కాదు.

"షాపులో బిల్లులు రాసే ఆ పిల్లకి ఎంత పొగరు," అన్నాడు మెకానిక్కు. "పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి సొరుగులో సబ్బు పెడుతుందా? నువ్వక్కడే ఉన్నావు కదా. ఒక్క మాటైనా అనలేదా?"

చివరి మాట భార్యకు.

"నేను వెనక గదిలో ఉన్నాను," అంది చిన్నకోడలు.

అది నిజమే. తోడికోడళ్లిద్దరూ పనిచేసేది ఒకే షాపులో. పెద్దామె ముందు కౌంటర్లో, బిల్లుల పిల్ల పక్కన కూర్చుని, వచ్చినవాళ్ల ముఖానికి కళ్లజోడు పెట్టి, చెవుల వెనక వంపు సరిచేస్తుంది. చిన్నామె వెనక గదిలో మిషను దగ్గర నిలబడి, ఫ్రేము కొలతకు అద్దాలు అరగదీస్తుంది. మధ్యాహ్నం ఆ గోడ అవతల జరిగిందంతా ఆమె చెవిన పడింది. అక్క లేచి వెళ్లి సబ్బును బిల్లుల బల్ల మీద పెట్టడం, జనం ముందు "నీ సబ్బు నా సొరుగులో మర్చిపోయావమ్మా" అనడం, ఆ పిల్ల "నాది కాదండీ, ఒట్టండీ" అంటూ ఏడుపందుకోవడం, అక్క సబ్బును తిరిగి తీసి తన సంచీలో పడేసుకోవడం. అన్నీ వింటూ మిషను కింద అద్దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. అద్దం కొలతకు మించి అరిగిపోయి, ఏ ఫ్రేములోనూ నిలవకుండా పోయింది.

"సోమవారం నుంచి ఆ పిల్లని రావద్దన్నాడట షాపాయన," అన్నాడు మాస్టారు. "ఆ మాట చెప్పింది మీ అక్క. చెప్పి, లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. నాకొకటి అర్థం కాదు. ఆ పిల్ల తప్పు చేస్తే ఆ పిల్ల ఇంట్లో కూర్చోవాలి గానీ, ఈవిడ గంటసేపు ఒళ్లు రుద్దుకోవడమేమిటి?"

లెక్కల మనిషికి ఆ లెక్క తేలలేదు. చిన్నకోడలికి తేలింది.

గురువారం నాడు షాపాయన ఆమెను కంటిపరీక్షల గదిలోకి పిలిచాడు. ఆ గదిలో అక్షరాల బోర్డుకు తప్ప దేనికీ వెలుతురు ఉండదు. చెప్పాల్సిన మాట ఇబ్బందిది కనుక, ఆయన ఆమె ముఖం చూడకుండా ఆ బోర్డునే చూస్తూ మాట్లాడాడు. కంటిపరీక్షకు వచ్చినవాడిలా కూర్చున్నాడు పాపం.

"మీ అక్క సంగతమ్మా. ఈ మధ్య ఆవిడ దగ్గర కొంచెం... నువ్వు గమనించే ఉంటావు. కళ్లజోడు పెట్టాలంటే ముఖంలోకి వంగాలి కదా. వంగితే జనం వెనక్కి జరుగుతున్నారు. నిన్న ఒకాయన, వేరే ఎవరిచేతైనా పెట్టించండి అన్నాడు. ఆవిడకి వినబడకుండా మేనేజ్ చేశాననుకో. నేను మగాణ్ణి, నేనెలా చెప్పను? నువ్వు ఇంటి మనిషివి."

"మీక్కూడా వస్తోందా?" అంది ఆమె.

"ఏంటి?"

"వాసన. మీక్కూడా వస్తోందా?"

షాపాయన బోర్డు మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. "నాక్కూడానా అంటే? అందరికీ వస్తోందమ్మా. రెండు వారాలైంది."

రెండు వారాలుగా ఆమె అది తన ముక్కులోనే ఉందనుకుంది. అత్తగారు పోయినప్పట్నుంచీ, ఏడాదిగా, ఆ వాసన ఆమెను వదల్లేదు. ఉతికి ఆరేసిన దుప్పట్లోంచి వచ్చేది. బస్సులో, పక్కన ఎవరూ లేని సీట్లో కూర్చున్నా వచ్చేది. ఒకరోజు మిషను కింద తడి అద్దం వాసన చూస్తే అందులోనూ ఉంది. వచ్చినప్పుడల్లా, లేదు, ఇది లేదు, అని తనకు తాను చెప్పుకుని పని చూసుకోవడం నేర్చుకుంది. అక్క దగ్గర వచ్చినప్పుడూ అదే చెప్పుకుంది.

"నొప్పించకుండా చెప్పు," అన్నాడు షాపాయన. "నువ్వు మంచిదానివి. నీ నోట వస్తే తప్పుగా అనుకోదు."

మంచిదానివి. ఆ మాట ఇంతకు ముందు ఆమెతో అన్న మనిషి ఇప్పుడు లేదు.

బాత్రూంలో కొళాయి ఆగింది.

మెకానిక్కు స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు. మాస్టారు గడియారం చూసి "అరవై ఒకటి" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

గడియ తీసిన చప్పుడైంది. పెద్దకోడలు బయటికొచ్చింది. తడి జుట్టు తువ్వాల్లో చుట్టుకుంది. మెడ, చేతులు, ముఖం ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నడుముకు బెల్టు అప్పుడే మళ్లీ బిగించుకుంది, జాకెట్టు కింద దాని అంచు తెలుస్తోంది. అత్తగారిని మంచం మీంచి లేపీ దించీ నడుము పట్టేసినప్పుడు కొన్న బెల్టు అది. మనిషి పోయింది, బెల్టు ఉండిపోయింది.

భర్తనూ చూడలేదు, మరిదినీ చూడలేదు. తిన్నగా వంటగది గుమ్మం దగ్గరకొచ్చి తోడికోడలి ఎదుట నిలబడింది.

"చూసి చెప్పు," అంది.

ఇది ఆ ఇంట్లో రోజూ ఉండేదే. మూడేళ్ల కిందట జ్వరమొచ్చి పెద్దకోడలికి వాసన తెలిసే గుణం పోయింది. డాక్టర్లు వస్తుందన్నారు, రాలేదు. అప్పట్నుంచీ ఆమె ముక్కు చిన్నకోడలే. పాలు విరిగాయా, గ్యాసు లీకవుతోందా, అన్నం అడుగంటిందా, అన్నీ చూసి చెప్పేది ఆమే. పొద్దున షాపుకు బయల్దేరే ముందు చెప్పుల స్టాండు దగ్గర నిలబడి, "చూసి చెప్పు, బాగానే ఉన్నానా?" అని అడుగుతుంది పెద్దామె. చిన్నామె భుజం దగ్గరకు వంగి "బాగానే ఉన్నావక్కా" అంటుంది. ఇద్దరూ తాళం వేసుకుని బయల్దేరతారు. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఇది మర్చిపోయిన రోజు లేదు.

చిన్నకోడలు వంగింది.

ముందు పూల వాసన వచ్చింది, సబ్బుది. ఊపిరి ఇంకొంచెం లోపలికి తీసింది. పూల కింద అదే ఉంది. తియ్యగా, బరువుగా, మూసిన గదిలా. ఇన్ని నీళ్లకూ అది కదల్లేదు.

బాగానే ఉన్నావక్కా అనే మాట నాలుక చివరికి అలవాటుగా వచ్చేసింది. దాన్ని పళ్ల వెనక ఆపడానికి ఆమెకు చాలా బలం కావలసివచ్చింది.

"చెప్పు. ఇప్పుడు బాగానే ఉన్నానా?"

చిన్నకోడలు నిటారుగా లేచింది.

"ఏమే, నిన్నే."

"వదినా, నువ్వు బాగున్నావు. ఆ పిల్ల ఏదో కుళ్లుబోతుతనంతో..." అని మెకానిక్కు అందుకోబోయాడు.

"నిన్నడగలేదు," అంది పెద్దకోడలు, అతని వైపు తిరక్కుండా.

"వస్తోందక్కా," అంది చిన్నకోడలు.

బాత్రూంలో కొళాయి చివర్న ఆగిన నీళ్లు ఒక్కొక్క బొట్టే బకెట్టులో పడుతున్నాయి.

"ఏమొస్తోంది?"

"వాసన. నీ దగ్గర."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు మెకానిక్కు. "ఇప్పటిదాకా స్నానం చేసిన మనిషితో అనే మాటేనా అది?"

"నువ్వుండరా," అన్నాడు మాస్టారు. భార్య పక్కన ఇరవై ఏళ్లుగా పడుకుంటున్న మనిషి. తనకు తెలియదా అంటే తెలుసు. ఈ రెండు వారాలుగా కిటికీ తలుపు తీసి ఉంచుతున్నాడు, ఉక్కగా ఉందని చెప్పి.

పెద్దకోడలు కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండునని చిన్నకోడలికి అనిపించింది. తువ్వాలు తీసి, జుట్టు విదిలించి, మళ్లీ చుట్టుకుంది.

"అయితే ఆ పిల్ల నిజమే చెప్పింది," అంది నెమ్మదిగా. "నేనేమో పదిమందిలో దాని పరువు తీశాను. నాలో వాసన పెట్టుకుని దాన్నన్నాను."

"ఆ పిల్ల ఏమీ చెప్పలేదక్కా. సబ్బు ఆ పిల్ల పెట్టలేదు."

"మరి?"

"నేను పెట్టాను."

మెకానిక్కు జేబులోంచి స్క్రూడ్రైవరు మళ్లీ బయటికొచ్చింది. అతను దాన్ని చూసుకుని, బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"షాపాయన గురువారం పిలిచి నన్ను చెప్పమన్నాడు. నాకు నోరు పెగల్లేదు. నీకు నీగా తెలిస్తే బాగుంటుందనుకున్నా. ఇలా అవుతుందనుకోలేదు."

"నువ్వు గోడవతలే ఉన్నావు. ఆ పిల్ల ఏడుస్తుంటే."

"ఉన్నాను."

"నేను దాన్ని అన్న మాటలన్నీ విన్నావు."

"విన్నాను."

"నాతో ఒకే బస్సులో ఇంటికొచ్చావు. పక్కన కూర్చుని."

బస్సులో చిన్నకోడలు అక్క సంచీ తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంచీలో సబ్బు ఉంది.

"ముందు షాపాయనకి ఫోన్ చెయ్యి," అంది పెద్దకోడలు. "ఇక్కడే, మా ముందే చెయ్యి. ఆ పిల్ల ఈ రాత్రి నిద్రపోవాలి."

చేసింది. మొదటిసారి వేరే నంబరు నొక్కింది. రెండోసారి ఆయన ఎత్తాడు. సబ్బు నేనే పెట్టానండీ, ఆ అమ్మాయికేం తెలియదు, అని చెప్పింది.

"నొప్పించకుండా చెప్పమన్నాను కదమ్మా," అన్నాడాయన. ఆయన గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువుంది. "సరేలే. ఆ పిల్లకి నేను ఫోన్ చేస్తాను."

ఫోన్ పెట్టేశాక పెద్దకోడలు బల్ల మీది అట్టపెట్టె తీసి, నలిపి, చెత్తబుట్టలో వేసింది. మనిషి తేలికపడినట్టే ఉంది. అంతలో చెయ్యి నడుముకు పోయింది.

"మరి ఈ వాసన ఎక్కడిది?" అంది. "రోజూ స్నానం చేస్తున్నాను. బట్టలు విడిచినవి మళ్లీ కట్టను. నా ఒంట్లోంచి ఎలా వస్తుంది?"

ఆ చెయ్యి ఆగిన చోటును చిన్నకోడలు చూసింది.

"అక్కా, ఆ బెల్టు కింద ఎప్పుడు చూసుకున్నావు?"

"వీపు నాకెలా కనబడుతుంది? కొంచెం మంటగా ఉండేది, చెమటకాయలేమోనని పౌడరు చల్లుతున్నా. ఇప్పుడు మంట కూడా లేదు. ముట్టుకున్నా ఏం తెలియట్లేదు."

మాస్టారి ముఖం పాలిపోయింది. "ముట్టుకుంటే తెలియకపోవడమేంటి?"

"చూడనివ్వు," అంది చిన్నకోడలు.

ఆ ఇంట్లో దూది, కట్టు గుడ్డ, మందుల పెట్టె ఇంకా అత్తగారి గదిలోనే ఉన్నాయి. ఏడాదైనా వాటిని అక్కడ్నుంచి కదిపినవాళ్లు లేరు. పెద్దకోడలే వారానికోసారి ఆ గది తలుపు తీసి, తుడిచి, మళ్లీ వేస్తుంది. ఇప్పుడూ ఆమే తలుపు తీసి, లైటు వేసి లోపలికెళ్లింది. చిన్నకోడలు గడప దగ్గర ఆగిపోయింది.

కావాలని ఆగలేదు. కాళ్లకు అదే అలవాటు. అత్తగారు కాలు విరిగి పిండికట్టుతో మంచాన పడ్డ ఇరవై నాలుగు రోజులూ ఆమె ఈ గడప దాటలేదు. కంచం ఇక్కడ్నుంచే అందించేది, ఊపిరి బిగబట్టుకుని. కిటికీ పక్క గూట్లో అత్తగారి కళ్లజోడు ఇంకా ఉంది, గడపనే చూస్తున్నట్టు. ఆ అద్దాలు ఆమె అరగదీసినవే, ఎంతో శ్రద్ధగా చేసినవి. వాటిలోంచి ముసలావిడకు గుమ్మంలో నిలబడ్డ కోడలి బిగబట్టిన ముఖం చక్కగా కనబడేది. ఒకరోజు అడిగింది కూడా. "ఏమ్మా, గదిలో ఏమన్నా వాసనొస్తోందా?" అబ్బే, లేదత్తయ్యా, అంది ఈమె. ముసలావిడ నవ్వి, "మంచిదానివమ్మా," అంది.

"రా," అంది పెద్దకోడలు లోపల్నుంచి. "అక్కడ నిలబడితే ఏం కనబడుతుంది?"

గడప దాటింది. తలుపు దగ్గరగా వేసింది.

పెద్దకోడలు మంచం మీద బోర్లా పడుకుని బెల్టు విప్పుకుంది. బెల్టు వెనక బద్ద అడుగున, నడుము ఎముక మీద, అరచేతంత మేర చర్మం లేదు. అంచులు తెల్లగా నాని ఉన్నాయి. మధ్యలో గుంట పడింది. ఇన్ని నీళ్లు పోసుకున్నా, నానిన పౌడరు, చీము ముద్దగా గుంట అడుగున అంటుకునే ఉన్నాయి. వాసన ఒక్కసారిగా గదంతా నిండింది. చిన్నకోడలు ఈసారి ముఖం తిప్పుకోలేదు, ముక్కు మూసుకోలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

"బావగారూ," అని కేకేసింది. "ఆటో పిలవండి. హాస్పిటల్‌కి వెళ్లాలి, ఇప్పుడే."

బయట చెప్పులు వేసుకున్న చప్పుడు, వీధి తలుపు తీసిన చప్పుడు.

"లోతుగా ఉందా?" అంది పెద్దకోడలు, దిండులోంచి.

"ఉందక్కా."

"చీముందా?"

"ఉంది. కదలకు. పైపైన తుడిచి గుడ్డ వేస్తాను. మిగతాది డాక్టరు చూస్తాడు."

దూది తడిపి అంచుల దగ్గర అద్దింది. పెద్దకోడలికి ఏమీ తెలుస్తున్నట్టు లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి వస్తోంది?"

"రెండు వారాలు."

"రోజూ అడిగాను కదా."

"అడిగావు."

"రోజూ బాగానే ఉన్నావన్నావు."

"నాకే వస్తోందనుకున్నానక్కా," అంది చిన్నకోడలు. చేతులు పనిలో ఉన్నాయి గనుక మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి. "ఒట్టు, నిజంగా ఉందనుకోలేదు. ఏడాదిగా నాకు ఎక్కడికెళ్లినా అదే వాసన. బస్సులో, షాపులో, పడుకునే దుప్పట్లో. ఎవర్నైనా అడిగితే లేదంటారు. అందుకని నీ దగ్గర వచ్చినా, ఇదీ అదేలే, లేనిదేలే అనుకున్నా. అచ్చం అదే వాసన మరి."

"ఏదే?"

"అత్తయ్య గదిలోది."

అన్నాక ఆమె చెయ్యి ఆగింది.

దిండు మీద పెద్దకోడలి తల కదల్లేదు.

"అత్తయ్య గదిలో వాసన లేదన్నావు," అంది.

చిన్నకోడలు దూది పక్కన పెట్టింది. మళ్లీ తీసుకుంది.

"ఈ మంచం దగ్గరే నిలబడి అడిగేదాన్ని. నువ్వు ఆ గుమ్మంలో ఉండేదానివి. నాకు ముక్కు లేదు, నువ్వు చూసి చెప్పు, కట్టు దగ్గర వాసనేమన్నా వస్తోందా అని. రోజూ అడిగాను."

"నువ్వు ఎందుకడుగుతున్నావో నాకు తెలియదక్కా. డాక్టరు వాసన చూడమన్నాడని తెలియదు. గది శుభ్రంగా ఉందా అని అడుగుతున్నావనుకున్నా. అత్తయ్య వింటూ ఉంది కదా. ఆవిడ ముందు వస్తోందని ఎలా అంటాను? మొదటిరోజు లేదన్నాను. రెండోరోజు వస్తోందంటే, నిన్నెందుకు లేదన్నావంటారని..."

"అంటే వచ్చేదా?"

వీధిలో ఆటో వచ్చి ఆగింది. హారను మోగింది. మాస్టారు ఎవరితోనో "ఒక్క నిమిషం" అంటున్నాడు.

"వచ్చేదక్కా."

"ఎప్పట్నుంచి?"

"ఆవిణ్ణి హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికి ఎనిమిది రోజుల ముందు నుంచి."

పెద్దకోడలు చేతులు ఆన్చి లేచి కూర్చుంది. జాకెట్టు కిందికి లాక్కుంది. ముఖంలో ఏడుపు లేదు, కోపమూ లేదు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు తోడికోడల్ని చూసింది.

"హాస్పిటల్ వరండాలో డాక్టరు ఏమడిగాడో గుర్తుందా?"

గుర్తు లేకేం. ఏడాదిగా రోజూ వింటున్న మాటే అది. కట్టు లోపల కుళ్లిపోయింది, విషం ఒళ్లంతా పాకింది, వారం ముందు తెచ్చుంటే కాలు తీసేసైనా మనిషిని నిలబెట్టేవాణ్ణి అని, ఆ తర్వాత, "వాసన వస్తే వెంటనే తీసుకురమ్మన్నాను కదమ్మా, రాలేదా?" అన్నాడు. అక్క వెనక తను నిలబడి ఉంది.

"గుర్తుంది," అంది.

"నేనేమన్నాను?"

"రాలేదండీ అన్నావు. మా చెల్లెలు రోజూ చూసి చెప్పింది అన్నావు."

"వాళ్లమ్మని నేను సరిగ్గా చూడలేదని ఈ అన్నదమ్ములు నాతో అనలేదు. కానీ అనుకున్నారు. ఏడాదిగా అనుకుంటూనే ఉన్నారు. నేనూ అనుకున్నాను. ముక్కు లేని దాన్ని, నాకెందుకు అప్పజెప్పారు ఆవిణ్ణి అని ఈ గది తుడిచినప్పుడల్లా ఏడ్చాను. నువ్వు వినే ఉంటావు, గోడవతల్నుంచి."

తలుపు తోసుకుని మాస్టారు వచ్చాడు, వెనకే తమ్ముడు. ఇద్దరూ గడప దగ్గరే ఆగారు. అమ్మ పోయాక ఆ గదిలోకి వచ్చే అలవాటు వాళ్లకూ లేదు.

"ఆటో వచ్చింది," అన్నాడు మాస్టారు. "ఎలా ఉంది? పెద్ద పుండా?"

"నా సంగతి డాక్టరు చూస్తాడు," అంది పెద్దకోడలు. మంచం మీంచి లేవలేదు. "ముందు మీ ఇద్దరికీ మా చెల్లెలు ఒక మాట చెప్పాలి. వినండి."

"ఇప్పుడేం మాటలు? ఆటో వెయిట్ చేస్తోంది."

"చేస్తుంది."

అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఒకప్పుడు చిన్నకోడలు నిలబడ్డ చోటే. ఆమె లోపల మంచం దగ్గర ఉంది, చేతిలో దూది, ఆ వాసన మధ్యలో. గూట్లోంచి కళ్లజోడు వాళ్లవైపు చూస్తోంది.

"ఏంటది?" అన్నాడు మెకానిక్కు. "వదిన గురించా?"

"కాదు," అంది చిన్నకోడలు. "అత్తయ్య గురించి."

అతను ఒకడుగు ముందుకేసి, గడప మీద ఆగాడు.

"అమ్మకేమైంది?" అన్నాడు, అమ్మ ఇంకా ఆ మంచం మీదే ఉన్నట్టు.